పిల్లల కొలతకు గది: డాక్టర్ మరియా మాంటిస్సోరి

మాంటిస్సోరి అనే మాట మన వైపు బోర్డులమీద చూడనివాళ్ళు ఉండరు. విజయవాడ వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఎక్కడో ఒకచోట కనబడుతుంది. అది ఒక స్త్రీ ఇంటిపేరని, ఆమె మన దేశంలో ఏళ్ళ తరబడి ఉన్నారని, కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో ఆ మద్రాసులోనే టీచర్లకు పాఠాలు చెప్పారని మాత్రం చాలామందికి తెలియదు.

మన పూర్వ విద్యార్థుల సంఘం ఈ స్వర్ణోత్సవానికి గుర్తుగా మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు ఒక గది కట్టిద్దామనుకుంటోంది. ప్లాను గీసే పని నాకు అప్పగించారు. సలహాలకు కొదవ లేదు. గోడల నిండా కార్టూన్ బొమ్మలు వేయిద్దామని ఒకరు, పెద్ద టీవీ పెడదామని ఒకరు, ఏసీ లేకపోతే ఈ రోజుల్లో ఎవరు పంపుతారని ఇంకొకరు. నేను పెన్సిల్ పట్టుకునే ముందు, ఈ విషయం గురించి అందరికంటే లోతుగా ఆలోచించిన మనిషి జీవితం చదువుదామనుకున్నాను. చదివింది సంచికకు రాసిమ్మని సంపాదకవర్గం అడిగింది. నేను ఉపాధ్యాయుణ్ణి కాను, ఇంజనీరుని. నాకు పట్టుబడిన వైపు నుంచే రాస్తున్నాను. పైగా ఆమె కూడా మొదట ఇంజనీరు కావాలనుకున్న మనిషే.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో కియరవల్లె అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగి. ఉప్పు, పొగాకు వ్యవహారాల తనిఖీ మీద ఆ ఊరు వచ్చాడు. పొగాకు ఊళ్ళ సంగతి మన వాళ్ళకు ప్రత్యేకం చెప్పనక్కర్లేదు. తల్లి రెనిల్డె బాగా చదువుకున్న ఇల్లాలు. మరియాకు ఐదేళ్ళప్పుడు, 1875లో, కుటుంబం రోముకు మారింది. ఆడపిల్ల చదివితే పంతులమ్మ కావడానికే అన్న కాలం అది. తండ్రి కోరిక కూడా అదే. ఆ అమ్మాయి మాత్రం ఇంకేదైనా చదువుతాను గానీ అది ఒక్కటీ వద్దంది. పదమూడో ఏట మగపిల్లలు చదివే టెక్నికల్ స్కూల్లో చేరింది. లెక్కలంటే ప్రాణం. తల్లి వెనకేసుకొచ్చింది, తండ్రి ముఖం ముడుచుకున్నాడు. చివరికి లోకంలోని పంతులమ్మలందరికీ పంతులమ్మ అయింది ఈమే. ఆ తండ్రి మాట అలా నెగ్గింది.

టెక్నికల్ చదువు పూర్తయ్యేసరికి మనసు ఇంజనీరింగ్ నుంచి వైద్యానికి మళ్ళింది. 1890లో రోము విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాల్లో చేరి, అక్కడినుంచి వైద్యంలోకి వెళ్ళారు. మగ విద్యార్థుల పక్కన నిలబడి ఒక స్త్రీ శవాన్ని కోయడం తగదని, అందరూ వెళ్ళాక సాయంత్రం పూట ఒంటరిగా ఆ గదిలో శవాలతో పాఠం నేర్చుకోమన్నారు. నేర్చుకున్నారు. 1896 జూలై 10న పట్టా అందుకున్నారు. ఇటలీలో మొట్టమొదటి మహిళా డాక్టరని చాలాచోట్ల రాస్తుంటారు. అది సరికాదు. ఆమెకు ముందు కొద్దిమంది ఉన్నారు. ఆ గొప్ప లేకపోయినా ఆమె గొప్పకు లోటేమీ లేదు.

డాక్టరుగా ఆమె మొదట చూసిన పిల్లలు పిచ్చాసుపత్రి పిల్లలు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని ఆ రోజుల్లో పెద్దవాళ్ళతో కలిపి అక్కడే పడేసేవారు. ఒకచోట వాళ్ళని ఉంచిన గదిలో నాలుగు గోడలు తప్ప మరేమీ లేవు. తిండి అయ్యాక పిల్లలు నేలమీద పడిన రొట్టె తునకల కోసం పాకుతున్నారని, ఇంత ఆబ ఎక్కడా చూడలేదని ఆయా విసుక్కుంది. ఆ పిల్లలు తునకల్ని తినడమే కాదు, వేళ్ళతో నలపడం, తిప్పి చూడడం కూడా మాంటిస్సోరి గమనించారు. ఆ గది మొత్తంలో పట్టుకోవడానికి చేతికి అందే వస్తువు ఆ రొట్టె తునక ఒక్కటే. ఆకలి కడుపుకే కాదు, చేతులకూ ఉందని ఆమెకు అక్కడ అర్థమైంది. తర్వాత చేసిన పనంతా ఆ గదిలోంచే వచ్చిందని నాకనిపిస్తుంది.

వెంటనే పాత పుస్తకాలు తిరగేశారు. ఫ్రాన్సులో ఇటార్, సెగాన్ అనే ఇద్దరు వైద్యులు వినపడని, బుద్ధి ఎదగని పిల్లలకు వస్తువుల ద్వారా నేర్పడం మీద అంతకు చాలాకాలం ముందే పనిచేశారు. సెగాన్ పుస్తకాన్ని ఆమె కూర్చుని తన చేత్తో ఇటాలియన్‌లోకి రాసుకున్నారు, ప్రతి మాటా మనసులోకి దిగాలని. 1900లో రోములో అలాంటి పిల్లలకోసం ఒక శిక్షణ సంస్థ పెడితే దాని బాధ్యత ఆమెకూ, జుసెప్పె మోంటెసానో అనే తోటి డాక్టరుకూ ఇచ్చారు. ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లలతో సమానంగా ప్రభుత్వ పరీక్ష రాసి గట్టెక్కారు. అందరూ ఆమెను పొగుడుతుంటే ఆమెకు ఇంకో సందేహం పట్టుకుంది. బుద్ధి మందగించిన పిల్లలే ఇంత చేస్తే, అన్నీ సవ్యంగా ఉన్న పిల్లలు వీళ్ళతో సమానంగా ఎందుకు ఆగిపోతున్నారు? మామూలు బళ్ళు వాళ్ళని ఏం చేస్తున్నాయి?

ఇక్కడ ఆమె జీవితంలో మరో కథ ఉంది. ఆమె బతికుండగా బయటకు రాని కథ. మోంటెసానోకూ ఆమెకూ 1898 మార్చి 31న ఒక కొడుకు పుట్టాడు. పేరు మారియో. పెళ్ళి కాలేదు. పెళ్ళయితే స్త్రీ ఉద్యోగం మానుకోవలసిన కాలం. పెళ్ళి కాకుండా బిడ్డ పుట్టిందని తెలిస్తే ఉద్యోగంతో పాటు పరువూ పోయే కాలం. పసివాణ్ణి రోముకు దూరంగా పల్లెలో ఒక కుటుంబానికి పెంపకానికి ఇచ్చారు. ఆమె అప్పుడప్పుడూ వెళ్ళి చూసి వచ్చేవారు. ఈ వచ్చే ఆవిడ ఎవరో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. 1901లో మోంటెసానో మరొకరిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఆ సంస్థ వదిలేసి మళ్ళీ విద్యార్థిగా విశ్వవిద్యాలయం మెట్లెక్కారు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లల మనసు గురించి ప్రపంచానికి చెప్పిన మనిషి, తన కొడుకు ఆ వయసులో ఉన్నప్పుడు పక్కన లేరు. దీన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఈ సంగతి తెలిశాక ఆమె పుస్తకాల్లో బిడ్డను గమనించడం గురించి చెప్పే చోట్లు నాకు వేరేగా వినబడ్డాయి.

ఇప్పుడు రోములోని సాన్ లోరెంజో పేటకు వద్దాం. ఇళ్ళ వ్యాపారం కుప్పకూలి సగంలో ఆగిపోయిన భవనాలతో నిండిన పేట అది. కూలి జనం, దొరికిన గదిలో పదిమంది చొప్పున సర్దుకునేవారు. ఒక గృహనిర్మాణ సంస్థ ఆ భవనాల్ని కొని బాగుచేసి కూలి కుటుంబాలకు అద్దెకిచ్చింది. దాని డైరెక్టర్ ఎడొఆర్డో తలామో అనే ఇంజనీరు. తల్లీతండ్రీ పొద్దున్నే పనికి పోతే బడి వయసు రాని పిల్లలు మెట్లమీద పడి తిరుగుతూ కొత్తగా సున్నం వేసిన గోడలన్నీ గీకి పాడుచేస్తున్నారు. మరమ్మతు ఖర్చు తడిసిమోపెడవుతోంది. ఆ పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి ఒక మనిషిని కాపలా పెడితే మరమ్మతు కన్నా చౌక అని లెక్క తేలింది. సైటు నడిపే ఏ ఇంజనీరైనా వేసే లెక్కే. ప్రపంచంలోని మొదటి మాంటిస్సోరి బడి గోడల రంగు కాపాడడానికి పుట్టింది. 1907 జనవరి 6న, వియా దెయి మార్సి వీధిలో 58వ నంబరు ఇంట్లో. దాని పేరు కాజా దెయి బంబీని, పిల్లల ఇల్లు అని.

సుమారు యాభైమంది పిల్లలు. చెంపలమీద కన్నీటి చారలు, బెదురు చూపులు. టీచరు ట్రైనింగ్ లేని ఒక స్త్రీని కాపలాకు పెట్టారు. మన వైపు మిరప కోతలప్పుడు, పత్తి తీతలప్పుడు పొద్దున్నే ఆటో ఎక్కి పోయే తల్లుల్ని, ఇంటి దగ్గర చెల్లినో తమ్ముణ్ణో చంకనేసుకున్న ఏడేళ్ళ అక్కల్ని చూసినవాళ్ళకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. ఈ పద్ధతి పుట్టింది అలాంటి పిల్లల కోసం. ఈనాడు ఆ పేరు ఎక్కువగా ఫీజు కట్టగలవాళ్ళ బళ్ళమీద ఉండడం చరిత్ర చేసిన చిత్రం.

గది కథలో ఇంకో విశేషం ఉంది. ఆ సంస్థ లెక్కల్లో బడి అనే పద్దు లేదు. ఖర్చంతా భవనాల నిర్వహణ కింద రాయాలి. అందుకని బడి బెంచీలు కొనడానికి వీలు పడలేదు. ఆఫీసు సామాను లాంటి చిన్న సామాను చేయించుకోవడమే దారి. ఆడిట్ అభ్యంతరాలతో వేగే మన ఇంజనీర్లకు ఇది వినడానికి ముచ్చటగా ఉంటుంది. బెంచీలు రాకపోవడమే మంచిదైంది. అప్పటి బళ్ళలో పిల్లవాడు కదలకుండా, వెన్ను వంగకుండా ఉండాలని రకరకాల శాస్త్రీయ బెంచీలు తయారుచేసేవారు. నేలకు బిగించినవి, బల్లా సీటూ కలిపి చేసినవి. వాటిని మాంటిస్సోరి గట్టిగా ఎగతాళి చేశారు. ముందు పిల్లవాణ్ణి కదలకుండా కట్టేసి, దానివల్ల వంగిన వెన్నును మళ్ళీ బెంచీతోనే సరిచేయడమేమిటన్నది ఆమె వాదం.

ఆమె చేయించిన సామాను ఇది. ఇద్దరు పిల్లలు అటూఇటూ పట్టుకుని జరపగలిగే తేలికైన బల్లలు. నాలుగేళ్ళ బిడ్డ ఒక్కడే ఎత్తి వేరే చోట వేసుకోగలిగే చిన్న కుర్చీలు. మోకాళ్ళు వంచకుండా చేతులు కడుక్కునేంత ఎత్తులో కడుగు తొట్టి, పక్కనే సబ్బు, తువ్వాలు. పిల్లల చేతికందే అరలు. కుర్చీ తేలిగ్గా ఉంటే పడిపోతుంది, చప్పుడవుతుంది అని అందరూ అన్నారు. పడనివ్వండి అన్నదే ఆమె ఉద్దేశం. పడినప్పుడు అయిన చప్పుడే పిల్లవాడికి తన నడక సరిగా లేదని చెబుతుంది, టీచరు అరవనక్కర్లేదు. అలాగే తినడానికి రేకు పళ్ళేలు కాకుండా పగిలే పింగాణీవి పెట్టారు. పగిలేది చేతిలో ఉంటేనే చేయి జాగ్రత్త నేర్చుకుంటుంది. ఒక యంత్రం తన లోపాన్ని తనే చూపించేలా తయారుచేయడం మా వృత్తిలో పెద్ద విద్య. ఆమె దాన్ని కుర్చీతో, కంచంతో సాధించారు.

అరల సంగతి ఇంకా బాగుంటుంది. మొదట్లో ఆమె చేయించిన ఆట వస్తువులు తాళం వేసిన బీరువాలో ఉండేవి. టీచరు వచ్చి తీసి పంచాలి. ఒకరోజు ఆ టీచరు ఆలస్యంగా వచ్చింది, బీరువా తాళం కూడా ముందురోజు వేయడం మరిచింది. వచ్చేసరికి పిల్లలు ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని కూర్చుని పనిచేసుకుంటున్నారు. టీచరు దొంగతనమనుకుంది. మాంటిస్సోరికి మాత్రం పిల్లలకు ఏది ఎక్కడుందో, తమకు ఏది కావాలో తెలుసని అర్థమైంది. ఆ తర్వాత తాళాల బీరువా పోయి పొట్టి అరలు వచ్చాయి. మన బళ్ళలో ఆట సామాను హెడ్మాస్టరు గదిలో అట్టపెట్టెల్లో, కవర్లు కూడా విప్పకుండా, తనిఖీ రోజు కోసం భద్రంగా ఉండడం నేను చాలాచోట్ల చూశాను.

ఇక్కడ కాసేపు నా వృత్తి లెక్క చెప్పనివ్వండి. మూడేళ్ళ బిడ్డ నిలబడితే సుమారు 95 సెంటీమీటర్లు. నాలుగేళ్ళకు మీటరు దాటుతుంది. పెద్దల కుర్చీ సీటు నేలనుంచి 45 సెంటీమీటర్లు, అంటే ఆ బిడ్డ ఎత్తులో దాదాపు సగం. ఐదున్నర అడుగుల మనిషిని రెండున్నర అడుగులకు పైన ఉన్న గట్టుమీద కాళ్ళు వేలాడేసుకుని పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా కూర్చోమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఈనాటి యూరపు ప్రమాణం 93 నుంచి 116 సెంటీమీటర్ల ఎత్తు పిల్లలకు సీటు 26, బల్ల 46 సెంటీమీటర్లు ఉండాలంటుంది. మనం కిటికీ సిల్ మామూలుగా మూడడుగుల ఎత్తున కడతాం. మూడేళ్ళ పిల్లవాడి కన్ను అంతకంటే కిందే ఉంటుంది. వాడికి ఆ గదిలో కిటికీ లేనట్టే. నల్లబల్ల అంచూ అంతే. తలుపు గడియ, కుళాయి, చెప్పుల స్టాండు, దొడ్డి తొట్టి, నీళ్ళ మగ్గు, అన్నీ ఎవరో ఒక పెద్దమనిషి వస్తే తప్ప పని జరగని ఎత్తులోనే ఉంటాయి. నా ప్లానులో సిల్ ఒకటిన్నర అడుగులకు దించి, దానికి గట్టి గ్రిల్లు పెట్టాను. కమిటీలో దీనిమీద చర్చ జరిగింది, ఇంకా తేలలేదు. గోడల బొమ్మల డబ్బు కుళాయిల మీద, కుర్చీల మీద పెడదామన్నదే నా మనవి. ఆ కుర్చీలు మన ఊరి వడ్రంగులే చేయగలరు.

మళ్ళీ సాన్ లోరెంజోకు. అక్కడ మూడేళ్ళ ఒక పిల్ల చెక్కదిమ్మలో ఉన్న గుంతల్లోంచి గుండ్రటి బిళ్ళలు తీసి, కలిపేసి, మళ్ళీ ఎవరి గుంతలో వాటిని పెడుతోంది. ఎంతకీ ఆపదు. మాంటిస్సోరి లెక్కపెట్టడం మొదలెట్టారు. చుట్టూ పిల్లలచేత పాట పాడించారు, పిల్ల తలెత్తలేదు. కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టారు, ఆ దిమ్మ ఒళ్ళో పట్టుకుని పని సాగించింది. మొత్తం నలభై నాలుగుసార్లు. ఆపాక అలసట లేదు, మంచి నిద్రలేచినట్టు చుట్టూ చూసింది. పిల్లలకు శ్రద్ధ నిలవదన్న మాటను మాంటిస్సోరి ఆ రోజునుంచి నమ్మలేదు. నిలవదగ్గ పని చేతికివ్వలేదు గనుకే నిలవడం లేదని ఆమె తీర్మానం. ఆ దిమ్మలో కిటుకు ఏమిటంటే, ఒక బిళ్ళ తప్పు గుంతలో పడితే చివరికి ఒకటి మిగిలిపోతుంది. తప్పని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫోన్‌లో సిమ్ కార్డుకు ఒక మూల కోసి ఉంచేదీ ఇందుకే, తిరగేసి పెట్టలేకుండా.

ఆమె తయారుచేసిన గులాబీ రంగు గోపురం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పది ఘనాలు. చిన్నది 1 సెంటీమీటరు, పెద్దది 10 సెంటీమీటర్లు. ఒకదానిమీద ఒకటి పేర్చాలి. ఒక్కొక్కటీ సెంటీమీటరే పెరుగుతుంది గానీ, పరిమాణం 1, 8, 27, 64 ఇలా 1000 ఘన సెంటీమీటర్ల దాకా దూకుతుంది. ఘనమూలం అన్న మాట వినని మూడేళ్ళ చేయి ఆ బరువు తేడాను పట్టుకుంటుంది. పదీ కలిపితే 3025, అంటే 55 వర్గం. పదో తరగతిలో మనం బల్లమీద రాసి కంఠస్థం చేసిన సూత్రం ఇదే. టెక్నికల్ స్కూల్లో లెక్కల్ని ప్రేమించిన అమ్మాయి ఎక్కడికీ పోలేదు.

చదువు, రాత నేర్పాలని ఆమెకు మొదట ఉద్దేశం లేదు. పిల్లల తల్లులే వచ్చి అడిగారు. అక్షరాలను సాండ్ పేపరుతో కత్తిరించి అట్టకు అంటించి, వేలితో తడమమన్నారు. అక్షరం రూపం ముందు వేలికి, ఆ తర్వాత కంటికి, పలకడం చెవికి. కొన్ని నెలలకు ఒకరోజు సుద్దముక్క పట్టుకున్న ఒక పిల్లవాడు హఠాత్తుగా మాట రాసేసి, ఆ ఆనందంలో కేకలు పెట్టాడు. తర్వాత ఇంకొకడు, ఇంకొకడు. మనకిది కొత్తగా అనిపించదు. పళ్ళెంలో బియ్యం పోసి ఓనమాలు వేలితో దిద్దించిన తాతల కాలం నుంచి, ఇసుకలో దిద్దించిన వీధిబడి నుంచి ఈ విద్య మనదగ్గర ఉంది. అక్షరాభ్యాసం రోజు ఒక్కసారికే దాన్ని ముగించి, మర్నాటినుంచి రెండు గీతల కాపీ పుస్తకం చేతిలో పెట్టడం మాత్రం మనం తర్వాత నేర్చుకున్నది.

1909లో ఆమె తన పద్ధతిని పుస్తకంగా రాశారు. నాలుగేళ్ళు తిరిగేసరికి అది లోకమంతా చుట్టింది. 1913 చివర్లో అమెరికా వెళితే రాణికి పట్టినట్టు బ్రహ్మరథం పట్టారు. 1915లో సాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల గది కట్టి, లోపల పిల్లలు పనిచేసుకుంటుంటే బయట జనం బెంచీలమీద కూర్చుని చూశారు. కిల్పాట్రిక్ అనే కొలంబియా ఆచార్యుడు మాత్రం ఆ పద్ధతిలో ఊహకు, ఆటకు చోటు తక్కువని తీవ్రంగా విమర్శించాడు. కొన్నేళ్ళకు అమెరికా ఆమెను మర్చిపోయింది. కిల్పాట్రిక్ మాటలో కొంత నిజం ఉంది. చిన్నపిల్లలకు కల్పిత కథలు చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. అమ్మమ్మ ఒడిలో ఏడు చేపల కథ విని పెరిగిన మనం దీన్ని ఒప్పుకోలేం. నా గదిలో కథ చెప్పే మూల ఒకటి ఉంటుంది.

1912 డిసెంబరులో ఆమె తల్లి పోయారు. కొద్ది నెలలకే, పదిహేనేళ్ళ వయసున్న మారియోను ఆమె తన దగ్గరికి తెచ్చుకున్నారు. అప్పుడప్పుడూ వచ్చిపోయే ఆ స్త్రీ తన తల్లేనని కుర్రవాడు అప్పటికే పసిగట్టాడు. ఆ రోజునుంచి ఆమె చివరిదాకా మారియో ఆమె చేయి వదల్లేదు. లోకానికి మాత్రం మేనల్లుడనో, పెంచుకున్నవాడనో చెప్పేవారు.

తర్వాతి ఇరవై ఏళ్ళు బార్సిలోనా, లండన్, బెర్లిన్, ఆమ్‌స్టర్‌డామ్. ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం 1924 నుంచి ఆమె బళ్ళను భుజానికెత్తుకుంది, ఆమె కూడా ఆ సాయం తీసుకున్నారు. పిల్లల స్వేచ్ఛ గురించి రాసిన మనిషి పదేళ్ళు ఆ నీడలో ఎలా పనిచేశారన్నది ఆమె జీవితంలో మింగుడుపడని అధ్యాయం. 1934కు ఇద్దరికీ చెడింది, బళ్ళు మూతపడ్డాయి. జర్మనీలో హిట్లర్ మూయించాడు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం బార్సిలోనా నుంచి తరిమింది. అరవై ఆరేళ్ళ వయసులో పెట్టెలు సర్దుకుని హాలండ్ చేరారు.

మన దేశంలో ఆమె పేరు అంతకు చాలా ముందే వినబడింది. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు ఆమె పుస్తకం చదివి, వకాల్తా మాని, 1920లో బాలమందిరం పెట్టారు. ఆయన రాసిన పగటికల మన టీచర్లలో చాలామంది చదివే ఉంటారు. గాంధీగారు 1931లో లండన్‌లో ఆమె శిక్షణ కళాశాలకు వెళ్ళి మాట్లాడారు. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జి అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి పిలుపుమీద 1939 నవంబరులో మాంటిస్సోరి, మారియో మద్రాసు వచ్చారు. ఆమెను ఎంతగానో అభిమానించిన గిజుభాయి అదే ఏడు జూన్‌లో కన్నుమూశారు. ఆమె వస్తారన్న సమయానికి ఆయన లేరు.

అడయారులో తాటాకు పాకలు వేశారు. దేశం నలుమూలల నుంచి దాదాపు మూడు వందల మంది శిక్షణకు వచ్చారు. ఆమె ఇటాలియన్‌లో చెబితే మారియో వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెప్పేవాడు. కొద్ది నెలల పని మీద వచ్చిన మనిషి. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగడంతో ఇద్దరూ బ్రిటిషు ప్రభుత్వానికి శత్రుదేశీయులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఆమె అడయారు ఆవరణ దాటకూడదన్నారు. ఇరవై ఏడేళ్ళుగా వెన్నంటి ఉన్న కొడుకు లేడు, పాఠం చెబితే అనువదించే గొంతు లేదు, వయసు డెబ్బై నిండుతోంది.

ఆ ఏడు ఆగస్టు 31న, డెబ్బయ్యో పుట్టినరోజున, వైస్రాయి నుంచి ఒక తంతి వచ్చింది. పుట్టినరోజు కానుకగా ఆమె కొడుకును విడుదల చేస్తున్నామని దాని సారాంశం. విడుదల ఒక ఎత్తు, అందులో ఉన్న కొడుకు అన్న మాట ఒక ఎత్తు. నలభై రెండేళ్ళుగా ఆమె పదిమందిలో పలకలేకపోయిన మాటను ఒక ప్రభుత్వం అచ్చు కాగితం మీద మామూలుగా రాసి పంపింది. అది మన మద్రాసుకు వచ్చింది.

యుద్ధం ముగిసేదాకా ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. 1942 నుంచి రెండేళ్ళు కొడైకెనాల్ కొండమీద. అక్కడ పసిపాపల్నీ, పెద్ద పిల్లల్నీ కలిపి చూసే అవకాశం దొరికి, ఆరేళ్ళ పైబడినవారి చదువు మీద కూడా పనిచేశారు. అహ్మదాబాదులోనూ శిక్షణలు జరిగాయి. 1946లో యూరపు వెళ్ళి, మరుసటి ఏడే తిరిగి వచ్చి 1949 దాకా ఉన్నారు. పుట్టిన క్షణం నుంచి బిడ్డ బుద్ధి చుట్టూ ఉన్నదాన్ని ఎలా పీల్చుకుంటుందో చెప్పే ఆమె పెద్ద పుస్తకం 1949లో మద్రాసులోనే మొదట అచ్చయింది. మన తల్లులు బిడ్డను ఎప్పుడూ ఒంటికి ఆనించుకుని, సంతకీ చేలోకీ వెంట తీసుకుపోవడం ఆమెకు బాగా నచ్చింది. వెళ్ళేటప్పుడు ఇక్కడి శిక్షణలను యోస్టెన్ అనే శిష్యుడికి అప్పగించారు. ఆ తర్వాత కొద్దికాలానికే, 1955లో, వేగె కోటేశ్వరమ్మ గారు విజయవాడలో మాంటిస్సోరి పేరుతో బడి పెట్టారు. ఆ పేరు మన వైపు ఇంటింటికీ తెలిసింది ఆ బడి వల్లే.

ఆ పేరు మీద ప్రత్యేక హక్కు ఎవరికీ లేదు, ఎవరైనా బోర్డు రాయించుకోవచ్చు. మనం కట్టబోయే గదికి ఆ పేరు పెట్టాలని నేను అనడం లేదు. లోపలికి వెళ్ళిన పిల్లవాడు చెప్పులు తనే విప్పి తనే పెట్టుకోగలగాలి, దాహమైతే ఎవర్నీ అడక్కుండా నీళ్ళు తాగగలగాలి. అంతవరకు చేయగలిగితే నాకు చాలు.

1949 నుంచి 1951 దాకా వరుసగా మూడేళ్ళు నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు వెళ్ళింది, రాలేదు. 1952 మే 6న హాలండ్‌లో నూర్డ్‌వైక్ అనే సముద్రతీరపు ఊళ్ళో, మిత్రుల ఇంట్లో, ఆఫ్రికా వెళ్ళి అక్కడి టీచర్లకు శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన మీద మారియోతో మాట్లాడుతున్నారు. ఎనభై ఒకటో ఏట ఆ ఎండల్లోకి ఎలా పంపడమని అతను వెనకాడాడు. ఏదో పనిమీద పక్క గదిలోకి వెళ్ళి వచ్చేసరికి ఆమె లేరు. మెదడులో రక్తనాళం చిట్లింది. ఎక్కడ చనిపోతే అక్కడే సమాధి చేయమన్నది ఆమె కోరిక, ఆ ఊరి చర్చి శ్మశానంలోనే ఖననం చేశారు. మారియో ఇంకో ముప్పై ఏళ్ళు, 1982లో తాను పోయేదాకా, తల్లి పని నడిపించాడు.